సీఎస్‌ఆర్‌ఎఫ్ రక్షణ పెట్టాక ఫారాలు ఆగిపోతున్నాయా? సమస్య - పరిష్కారం

లక్షణం: పాత సైటుకు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ పెట్టారు. వేరే సైటు మీ యూజర్ పేరుతో దొంగ రిక్వెస్ట్ పంపకుండా ఫారంతో పాటు వెళ్లే రహస్య కోడ్ ఇది; ఆ యూజర్ కుకీతో పొంతన కుదిరితేనే సర్వర్ ఒప్పుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. లైవ్‌లోకి వెళ్లాక మాత్రం ఫారం సబ్మిట్ చేస్తే కొందరికి ఎర్రర్ వస్తోంది: జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో 403, లారవెల్‌ ఫ్రేమ్‌వర్క్‌లో 419.

ముందు బ్రౌజర్‌ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ఆ పోస్ట్ రిక్వెస్ట్‌తో టోకెన్ వెళ్తోందా? కుకీ వెళ్తోందా? అర నిమిషం పని. మాదాపూర్‌లో నేను పనిచేసిన ప్రతి టీములోనూ ఇది చూడకుండానే ఆ యూఆర్‌ఎల్‌ను మినహాయింపులో పడేసేవాళ్లు ఉన్నారు. ఎర్రర్ పోతుంది, రక్షణ కూడా పోతుంది. దయచేసి అలా చేయకండి.

టోకెన్ వెళ్లడం లేదంటే ఫారంలో ట్యాగ్ మరిచారు, లేదా అజాక్స్ కాల్‌కు (పేజీ మారకుండా జావాస్క్రిప్ట్ పంపే రిక్వెస్ట్‌కు) టోకెన్ హెడర్ పెట్టలేదు. పెట్టేస్తే సరి.

రెండూ వెళ్తున్నా ఎర్రర్ వస్తోందంటే క్యాష్‌ను, అంటే పేజీ కాపీని దాచి మళ్లీ మళ్లీ అందరికీ ఇచ్చే ఏర్పాటును పట్టుకోండి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ అడ్మిషన్ ఫారం దీనివల్లే నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. సెట్-కుకీ (బ్రౌజర్‌కు కుకీ ఇచ్చే హెడర్) ఉన్న పేజీని ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ మామూలుగా క్యాష్ చేయదు. వేగం కోసం ఎప్పుడో ఎవరో దాని సెట్టింగుల్లో సెట్-కుకీని, రిక్వెస్ట్‌ను బట్టి పేజీ మారుతుందని చెప్పే వేరీ హెడర్‌ను పట్టించుకోవద్దని ఒక లైను, కుకీని బయటికి పంపొద్దని ఇంకో లైను రాసి వెళ్లారు. టోకెన్ లేనన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. టోకెన్ పెట్టాక, పొద్దున్నే మొదట పేజీ తెరిచిన విద్యార్థి టోకెన్ హెచ్‌టీఎమ్‌ఎల్‌తో పాటు క్యాష్‌లో కూర్చుంది. తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే పేజీ వెళ్లింది. టోకెన్ ఆ పిల్లాడిది, కుకీ హోం పేజీలో వీళ్లకొచ్చిన సొంతది. ఇక పొంతన ఎక్కడ కుదురుతుంది? నేనేమో క్యాష్ లేని మెషీన్‌లో పరీక్షిస్తూ కూర్చున్నాను.

ఆ రెండో లైను లేకపోతే ఇంకా ప్రమాదం. కుకీ కూడా క్యాష్‌లోంచే అందరికీ వెళ్తుంది, ఎర్రరే కనిపించదు. అది లాగిన్‌ను గుర్తుంచే సెషన్ కుకీ అయితే ఒకరి లాగిన్ ఇంకొకరి చేతికి వెళ్తుంది.

పరీక్ష ఇదీ: రెండు వేర్వేరు బ్రౌజర్లలో ఆ పేజీ తెరిచి, వ్యూ సోర్స్‌లో టోకెన్లు పోల్చండి. అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటే క్యాషే కారణం. ఆ లైన్లు తీసేయండి, ఫారం ఉన్న పేజీలకు క్యాష్-కంట్రోల్‌ హెడర్‌లో నో-స్టోర్ (దాచొద్దు అని) పెట్టండి. తర్వాత పాత క్యాష్‌ను ఖాళీ చేయండి. ఇది మరిస్తే గడువు తీరేదాకా పాత కాపీయే వస్తూ ఉంటుంది. పేజీ క్యాష్‌లో ఉండి తీరాలంటే, టోకెన్‌ను మాత్రం క్యాష్ కాని వేరే రిక్వెస్ట్‌తో జావాస్క్రిప్ట్ ద్వారా తెచ్చుకోండి.

మిగతావి అరుదు. జాంగో 4.0కి మారితే ట్రస్టెడ్ ఆరిజిన్స్ (నమ్మదగిన సైట్ల) జాబితాలో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ కూడా రాయాలి. లాగిన్‌కు ముందు తెరిచిన పాత ట్యాబ్ అయితే రిఫ్రెష్ చాలు. పేమెంట్ గేట్‌వే నుంచి తిరిగొచ్చే పోస్ట్‌లో మీ టోకెన్ ఉండదు కాబట్టి ఆ ఒక్క యూఆర్‌ఎల్‌కు మినహాయింపు ఇవ్వండి, అది నిజంగా గేట్‌వే పంపిందేనని చెప్పే సిగ్నేచర్‌ను తప్పనిసరిగా సరిచూడండి.