ఎండలు ముదరకముందే మైగ్రేన్ మందుల సంగతి

మిర్యాలగూడలో మా అక్కావాళ్లింట్లో గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. అది పాల లెక్క కాదు, అక్క మైగ్రేన్ తలనొప్పి లెక్క. ముందటేడు ఏప్రిల్‌లో 11 సున్నాలు. పక్కన గీత ఉంటే ఆ రోజు నొప్పి గోలీ వేసుకున్నట్టు.

ముందు ఆ గీతలు లెక్కపెట్టండి. మామూలు నొప్పి గోలీలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ నొప్పికని ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ గోలీలయితే 10 రోజులు, అలా నెలల తరబడి వేసుకుంటే ఆ గోలీలే తలనొప్పి తెచ్చిపెడతాయి. నెలకు నాలుగైదుసార్లు మంచం పట్టిస్తుంటే, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు గురించి డాక్టర్‌ను అడగాలి. అదీ సంక్రాంతి దాటగానే. సరైన మోతాదుకు చేరాక రెండు మూడు నెలలు చూస్తేగానీ ఫలితం తేలదు. పది రోజులకే ‘ఏం ఫాయిదా లేదు’ అని పారేసేవాళ్లను ఎంతమందిని చూశానో!

పూర్తిగా పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఇలా రోజూ వేసుకునే మందుల్లో ఒకటైన టోపిరమేట్‌ను రోజుకు 100 మిల్లీగ్రాములు వాడిన పెద్దవాళ్లలో సుమారు సగం మందికి నొప్పులు సగానికి తగ్గాయి. మందు లేని ఉత్త గోలీ మింగినవాళ్లలోనూ దాదాపు నాలుగోవంతు మందికి తగ్గాయి! పిల్లల్లోనైతే టోపిరమేట్, అలాంటిదే అమిట్రిప్టిలిన్ అనే మందు ఉత్త గోలీని మించలేదని 2017లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. అక్కకు ప్రొప్రనొలాల్ అనే మరో మందు పడింది. నిరుడు ఏప్రిల్‌లో ఐదు సున్నాలు.

మన ఎండలకు అసలు మెలిక చెమట దగ్గరుంది. టోపిరమేట్ చెమటను తగ్గించవచ్చు, చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. కిడ్నీలో రాళ్లూ రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో నోరెండిపోతుంది, మత్తుగా ఉంటుంది, చెమటా తగ్గవచ్చు. బత్తాయి తోటలో, మిల్లు దగ్గర ఎండలో పనిచేసేవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఉబ్బసం ఉంటే ప్రొప్రనొలాల్ వద్దు. వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపొద్దు. గర్భం వచ్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు నోరు తెరిచి చెప్పాల్సిందే, టోపిరమేట్, ఇలాగే రోజూ వాడే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ఎండన పడి వచ్చిన మనిషికి తలనొప్పితో పాటు ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, మైగ్రేనే కదా అని గోలీ వేసి పడుకోబెట్టొద్దు. అది వడదెబ్బ కావచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి.