బొమ్మల లిస్టింగ్ ఆపేశారా? అప్పీల్ పెట్టేముందు ఇవి చూసుకోండి

కావలి, ఒంగోలు నుంచి ఆన్‌లైన్‌లో పిల్లల బొమ్మలు అమ్మేవాళ్లు తెగ అడుగుతున్నారు, సేఫ్టీ అని సైటువాళ్లు లిస్టింగ్ (సరుకు అమ్మకం పేజీ) ఆపేశారన్నా ఏం చెయ్యాలా అని. కంగారుపడి వెంటనే అప్పీల్ నొక్కొద్దు.

- సైటువాళ్లు పంపిన మెయిల్‌లో ఏ కాగితం అడిగారో రెండుసార్లు చదవండి.

- 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి, మామూలు వాటికి ఐఎస్ 9873 ప్రమాణం, కరెంటు బ్యాటరీ వాటికి ఐఎస్ 15644. బాక్స్ మీదున్న సీఎం/ఎల్ నంబర్‌ని (అదే లైసెన్స్ నంబర్) ఐఎస్ఐ మార్క్ ఇచ్చే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి లైసెన్స్ ఇంకా నడుస్తా ఉందా, తయారీదారు పేరు బాక్స్ మీద పేరు ఒకటేనా చూడండి, హోల్‌సేల్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ల్యాబ్ రిపోర్ట్ ఉంది కదా చాల్లే అనుకోవద్దు, అది లైసెన్స్ కాదు.

- ఉదయగిరి పక్క చెక్కపని చేసేవాళ్లు బొమ్మలు చేసి అమ్ముతుంటే, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టరైన కళాకారులకి ఈ మార్క్ నుంచి మినహాయింపు ఉంది, ఆ కార్డు జత చెయ్యండి.

- బిల్లు స్కాన్‌లో ఒక్క అక్షరం దిద్దొద్దు, దొరికితే అకౌంటే పోద్ది. అదే సరుకు ఇంకో పేరుతో మళ్లీ ఎక్కించొద్దు.

- మార్కూ, ఆ మినహాయింపూ రెండూ లేని సరుకైతే అసలు అప్పీలే వద్దండీ, పక్కన పెట్టేయండి, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులవి.