పోయిన సైకిల్‌ను తోటి సైకిలిస్టుల సాయంతో వెతికి పట్టుకోవడం ఎలా?

పొద్దున ఐదుంపావుకి హెల్మెట్ చేత్తో పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. స్తంభం దగ్గర సైకిల్ లేదు. తెగిన కేబుల్ లాక్ ముక్క మాత్రం పాము కుబుసంలా నేల మీద పడి ఉంది. పదకొండు రోజుల తర్వాత అదే సైకిల్ మళ్ళీ కంటపడింది. చూసింది నేను కాదు, అప్పటిదాకా నాకు ముఖపరిచయం కూడా లేని ఓ సైకిలిస్టు. ఆ పదకొండు రోజుల్లో చేసిన మంచి పనులూ, ఆలస్యం చేసి పోగొట్టుకున్నవీ, ఆ తర్వాత మా గ్రూపులో ఇంకొందరి సైకిళ్ళ కోసం తిరిగినప్పుడు తెలిసొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను. నేనుండేది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే. విజయవాడలో అయినా, విశాఖలో అయినా చేయాల్సిన పని ఇదే.

మొదటి రోజు: కెమెరాల వెంట పడండి

ముందుగా తెగిన తాళాన్నీ, సైకిల్ ఉండే చోటునీ ఫోటో తీసుకోండి. వాచ్‌మన్‌ని, పాలు వేసే అబ్బాయిని, పేపర్ అబ్బాయిని అడగండి. తెల్లవారుజామున మన వీధిలో మెలకువగా ఉండేది వాళ్ళే.

తర్వాత సీసీ కెమెరాలు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా అపార్ట్‌మెంట్ ఫుటేజీ అదే రోజు చూశాను గానీ, మూల మీద దుకాణానికి నాలుగో రోజు వెళ్ళాను. అప్పటికే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేసింది. చిన్న దుకాణాల్లో హార్డ్ డిస్క్ చిన్నది, నిండగానే పాతది చెరిగిపోతుంది. పెద్ద దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళలాంటి జనం ఎక్కువగా చేరే చోట్ల మాత్రం 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి. వాళ్ళు మీకు చూపించకపోయినా పోలీసులు అడిగితే ఇవ్వాలి. హైదరాబాద్‌లో పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీలవాళ్ళు పెట్టించుకున్న కెమెరాలు కూడా చాలా ఉన్నాయి, కాలనీ సంఘంవాళ్ళని అడగండి.

చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డబ్బాల్లో (డీవీఆర్) చాలావాటికి గడియారం తప్పుగా ఉంటుంది. తెర మీది టైమ్, మీ ఫోన్‌లో టైమ్ రెండూ ఒకే ఫోటోలో పడేలా తీసుకోండి. లేకపోతే రెండో కెమెరా దగ్గర అసలు ఏ సమయం చూడాలో తెలియక తల పట్టుకుంటారు. దొంగ సైకిల్ తొక్కుకుంటూ ఏ సందులోకి తిరిగాడో తెలిస్తే చాలు, వెతకాల్సిన ఊరు సగానికి సగం తగ్గిపోతుంది.

ఫ్రేమ్ నంబరు

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. గేర్ సైకిళ్ళలో చాలావాటికి పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున నంబరు గుద్ది ఉంటుంది. కొన్ని పాత నల్ల సైకిళ్ళకు సీటు దగ్గర గొట్టం మీద ఉంటుంది. అది మీ దగ్గర రాసి లేకపోతే కంగారుపడకండి. బిల్లు మీద చూడండి, లేదంటే కొన్న షాపులో అడగండి, కొన్ని కంపెనీల వారంటీ కార్డు మీదా ఉంటుంది. సర్వీసింగ్ చేసేటప్పుడు తీసిన ఫోటోలో వెనకాల ఎక్కడో పడి ఉండొచ్చు, ఫోన్ గ్యాలరీ అంతా గాలించండి.

ఈ వ్యాసం చదువుతున్న మీ సైకిల్ ఇంకా ఇంట్లోనే ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళి దాన్ని సీటు మీద తలకిందులుగా నిలబెట్టండి. కిరసనాయిల్ తడిపిన గుడ్డతో ఆ గొట్టం అడుగున రుద్దండి. నల్లటి జిడ్డు, దుమ్ము వదిలిన కొద్దీ ఒక్కో అంకే పైకి తేలుతుంది. ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. బైక్ ఇండెక్స్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు కూడా.

నంబరు బొత్తిగా దొరకకపోతే మీకు మాత్రమే తెలిసిన గుర్తులు రాసుకోండి. నా సైకిల్‌కి ఎడమ గ్రిప్ చిరిగితే నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాను. వెనక చక్రంలో ఒక్క పుల్ల మాత్రం కొత్తది, తళతళా మెరుస్తుంది. ఇలాంటివే చివరికి అక్కరకొస్తాయి.

పోలీస్ స్టేషన్‌లో

'సైకిలే కదా, ఎవరు పట్టించుకుంటారు' అని చాలామంది స్టేషన్‌కి వెళ్ళరు. వెళ్ళి తీరాలి. ఫిర్యాదు లేకపోతే సైకిల్ కళ్ళెదుట కనిపించినా అది మీదేనని చెప్పడానికి చేతిలో కాగితం ఉండదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303 కిందికి వస్తుంది. ఇందులో సైకిళ్ళవాళ్ళు తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు అయితే, మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లో దాన్ని చేర్చారు. అందుకే బిల్లు తీసుకెళ్ళండి. సైకిల్‌తో పాటు పోయిన లైటు, పంపు, బ్యాగు అన్నీ విలువతో సహా రాయండి. ఉన్నదాని కన్నా ఎక్కువ చేసి మాత్రం రాయొద్దు. ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి ఉంటే ఆ మాట స్పష్టంగా రాయండి. నివాస భవనంలో దొంగతనానికి సెక్షన్ 305 వేరేగా ఉంది, దానికి ఈ 5,000 లెక్క వర్తించదు.

ఏ స్టేషన్ పరిధి అన్న వాదన వస్తే జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. పర్సులు, సర్టిఫికెట్లు పోయినప్పుడు తీసుకునే 'లాస్ట్ రిపోర్ట్'తో సరిపెట్టుకోకండి. మీ సైకిల్ జారి పడిపోలేదు, ఎవరో తీసుకెళ్ళారు.

గ్రూపులో ఏం రాయాలి

సైకిల్ తొక్కేవాళ్ళ కన్ను వేరు. దారిన పోయేవాళ్ళకి అది ఎర్ర సైకిల్. మనవాళ్ళకి అది ముందు డిస్క్ బ్రేక్, వెనక ఏడు గేర్లు, సీటు మార్చిన ఎర్ర సైకిల్. పైగా వాళ్ళు తెల్లారేసరికి రోడ్ల మీద ఉంటారు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద కొందరు, గండిపేట వైపు కొందరు, ట్యాంక్‌బండ్ మీద కొందరు. గడువులోగా పూర్తిచేయాల్సిన 200, 300 కిలోమీటర్ల దూర ప్రయాణాలు (బ్రెవేలు) తొక్కేవాళ్ళయితే జిల్లాల పల్లెల దాకా వెళ్తారు. ఏ స్టేషన్‌కీ అంత పెద్ద గస్తీ లేదు.

కాబట్టి మీ ఊళ్ళో సైకిల్ క్లబ్బుల వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపులన్నిటికీ ఒకే సందేశం పంపండి. నేను పంపింది ఇంచుమించు ఇలా ఉంది:

"సైకిల్ దొంగతనం. మంగళవారం రాత్రి 2 – 4 మధ్య, మెహిదీపట్నం. ఎర్ర రంగు గేర్ సైకిల్, ముందు డిస్క్ బ్రేక్. ఎడమ గ్రిప్‌కి నల్ల టేపు. టోలిచౌకి వైపు వెళ్ళినట్టు కెమెరాలో కనిపించింది. పోలీసు ఫిర్యాదు ఇచ్చాను. కనిపిస్తే ఆపొద్దు, గొడవ పడొద్దు. ఫోటో, చోటు, సమయం నాకు పంపండి."

దానితో పాటు రెండే ఫోటోలు: గేర్లు కనిపించేలా కుడి పక్క నుంచి ఒకటి, ప్రత్యేకమైన గుర్తు దగ్గరగా ఒకటి. పది ఫోటోలు పెడితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. 'బైక్' అని మాత్రం రాయకండి. మనలో మనం అలా అనుకుంటాం గానీ, ఆ సందేశం కాలనీ గ్రూపులకు వెళ్ళేసరికి అందరూ మోటర్ సైకిల్ కోసం చూస్తారు.

ఫ్రేమ్ నంబరు మొత్తం బయటపెట్టొద్దు. చివరి నాలుగు అంకెలు మీ దగ్గరే ఉంచుకోండి. వెనక చక్రంలోని కొత్త పుల్ల సంగతి కూడా నేను అందుకే రాయలేదు. 'మీ సైకిల్ నా దగ్గరుంది, ముందు రెండు వేలు పంపండి' అని ఫోన్లు వస్తాయి. నాకూ వచ్చింది. చివరి నాలుగు అంకెలు చదవమన్నాను, లైన్ కట్ అయింది. డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

గ్రూపుల బయట కూడా చూసే కళ్ళు ఉన్నాయి. పంచర్ షాపులవాళ్ళు ముఖ్యం, ఎత్తుకెళ్ళిన సైకిల్ ఎవరు తొక్కినా ఏదో ఒకరోజు పంచర్ పడాల్సిందే. మాకు తెలిసిన ఆరు షాపులకు ఫోటో ప్రింట్ తీసి ఇచ్చాం. సైకిల్ మీద తిరిగే డెలివరీ కుర్రాళ్ళకీ, పాత ఇనప సామాను కొనేవాళ్ళకీ చూపించాం. గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత లాంటి పాత సామాను అమ్మే చోట్లకు గ్రూపులో ఇద్దరిద్దరు వంతులేసుకుని వెళ్ళారు. అక్కడ అమ్మేవాళ్ళలో చాలామంది నిజాయితీగా బతికేవాళ్ళే, అనుమానంగా మాట్లాడితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది, మనకు సాయమూ అందదు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ రోజుకు రెండుసార్లు చూడండి. అనుమానం వచ్చిన ప్రకటనని వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి, గంటలో మాయమవుతుంది.

'కనిపించింది' అని ఫోన్ వచ్చాక

పదకొండో రోజు పొద్దున ఆరింటికి ఫోన్. "అన్నా, మీ సైకిల్ లాంటిదే ఇక్కడ టిఫిన్ సెంటర్ ముందర ఉంది. ఎడమ గ్రిప్‌కి టేపుంది. నేను చాయ్ తాగుతున్నట్టు కూర్చున్నా, మీరు రండి." ఆ అబ్బాయి చేసిన పని అక్షరాలా సరైనది. దగ్గరికి వెళ్ళలేదు, ఎవరినీ నిలదీయలేదు, దూరం నుంచి ఫోటో తీశాడు.

మీరూ ఒంటరిగా వెళ్ళకండి. దారిలోనే స్టేషన్‌కి ఫోన్ చేసి ఎఫ్ఐఆర్ నంబరు చెప్పండి, లేదా 112కి చేయండి. నలుగురు పోగై ఎవరినైనా చుట్టుముట్టారంటే చెయ్యి లేవడానికి క్షణం పట్టదు. కొట్టినవాడి మీద కూడా కేసు అవుతుంది. మన పని చూడటం వరకే, పట్టుకోవడం పోలీసులకు వదలాలి. సైకిల్‌లో ఎయిర్‌ట్యాగ్ (ఎక్కడుందో ఫోన్‌లో చూపించే చిన్న ఆపిల్ పరికరం) దాచి ఉంటే ఇదే నియమం. అది చూపించిన ఇంటికి మీరు వెళ్ళకుండా స్క్రీన్‌షాట్ పోలీసులకు ఇవ్వండి. తెలియని ట్యాగ్ తమతో తిరుగుతోందని అవతలివాళ్ళ ఫోన్‌కి హెచ్చరిక వెళ్తుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

సైకిల్ మీద ఉన్నాయన దగ్గరలో రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్. కానిస్టేబుల్ అడిగితే, "పద్దెనిమిది వందలిచ్చి కొన్నా సార్, కాగితం అడగాలని తెల్వదు" అన్నాడు. సైకిల్‌ని తలకిందులు చేసి గుడ్డతో తుడిచాం. నేను నా ఫోన్‌లోని నంబరు చదువుతుంటే కానిస్టేబుల్ గొట్టం మీద వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూశాడు. వెనక చక్రం తిప్పితే కొత్త పుల్ల మెరిసింది. వాచ్‌మన్ తల దించుకున్నాడు. ఆ పద్దెనిమిది వందలు ఆయనకెంతో నాకు తెలుసు. దొంగ సొత్తని తెలిసి కొంటే సెక్షన్ 317 కింద నేరం, తెలియక కొన్నవాళ్ళ సంగతి వేరు. ఆయన ఎవరి దగ్గర కొన్నాడో దాచకుండా చెప్పాడు, కేసు అక్కడినుంచి కదిలింది.

అక్కడికక్కడే డబ్బిచ్చి వెనక్కి కొనుక్కోవాలని మాత్రం చూడొద్దు. అలా చేస్తే దొంగకు రెండోసారి బేరం చేసిపెట్టినట్టు అవుతుంది.

చేతికొచ్చేదాకా

ఎఫ్ఐఆర్ ఉన్న సైకిల్‌ని పోలీసులు స్వాధీనం చేసుకుంటారు, వెంటనే ఇంటికి తెచ్చుకోలేరు. మేజిస్ట్రేటు కోర్టులో తాత్కాలిక అప్పగింతకు పిటిషన్ వేయాలి. బిల్లు, నంబరు ఫోటో, ఎఫ్ఐఆర్ కాపీ జతచేస్తారు. కోర్టు అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని బాండు రాయాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల్ని స్టేషన్లలో పదిహేను రోజుల నుంచి నెలకు మించి ఉంచొద్దని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్‌లో ఆ తీర్పు ప్రస్తావించమని వకీలుకి చెప్పండి. కేసు ముగిసేదాకా సైకిల్ అమ్మకూడదు, రంగు మార్చకూడదు.

మా గ్రూపులో ఒకాయన మూలన పడున్న తన పాత సైకిల్‌కి టైర్లు మార్పించి ఆ వాచ్‌మన్‌కి ఇచ్చాడు. ఈసారి కాగితం మీద ఫ్రేమ్ నంబరు, ఇచ్చినవాళ్ళ పేరు, సంతకం అన్నీ రాసి మరీ ఇచ్చాడు.

దొరికాక చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది. పెట్టిన ప్రతి గ్రూపులోనూ 'దొరికింది' అని రాయండి, పంచర్ షాపుల్లో అంటించిన ఫోటోలు తీసేయండి. నేను రెండు గ్రూపులు మరిచిపోయాను. నెల తర్వాత గండిపేట దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నా పక్కనే కాసేపు తొక్కి, ముందుకెళ్ళి ఆగి, టేపు చుట్టిన గ్రిప్ వంక చూస్తూ, "అన్నా, ఏమనుకోకు, ఒకసారి ఫ్రేమ్ నంబర్ చూపిస్తావా?" అని అడిగారు. సైకిల్ దిగి, తలకిందులుగా నిలబెట్టి, చూపించాను.