జపాన్ స్త్రీ అధ్యయన పండితురాలి వృత్తిజీవితాన్ని తెలుగులో రాయడం ఎలా?

తిరుపతిలో స్త్రీ అధ్యయనాలు చదివే విద్యార్థినులు సెమినార్ కోసం విదేశీ పండితురాళ్ల వృత్తిజీవితం మీద వ్యాసాలు రాస్తుంటారు. జపాన్ వారి గురించి రాసేటప్పుడు సమాచారం కంటే పదాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. విశ్వవిద్యాలయ సారథిగా కూడా పనిచేసిన సాహిత్య విమర్శకురాలు, కవయిత్రి మిజుత నోరికో గారిని ఉదాహరణగా తీసుకుని, ఆ ఇబ్బందులను ఎలా దాటాలో చెబుతాను.

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. జపనీయులు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు కనుక, ఇంగ్లీషు పుస్తకాల అట్ట మీద తిరగబడిన వరుసను తెలుగులో మళ్లీ సరిచేసి 'మిజుత నోరికో' అని రాయడమే సహజం. జపనీస్ త, ద ధ్వనులు మన త, ద లకే దగ్గరగా ఉంటాయి కాబట్టి 'మిజుటా' అని రాయనక్కరలేదు. టోక్యో మాత్రం అలాగే స్థిరపడిపోయింది, దాన్ని కదిలించవద్దు. గ్రంథాలయ జాబితాలో ఒక్క పేరుతో వెతికి ఆపేయకూడదు. 1982లో ఇంగ్లీషులో వచ్చిన జపాన్ రచయిత్రుల కథా సంకలనానికి ఆమె సహ సంపాదకురాలు, కాని అట్ట మీద ఉన్నది భర్త ఇంటిపేరు కూడా చేరిన నోరికో మిజుత లిప్పిట్ అన్న పేరు. జపాన్ చట్టం ప్రకారం పెళ్లయిన జపాన్ దంపతులకు ఒకే ఇంటిపేరు ఉండాలి, ఆచరణలో మార్చుకునేది చాలావరకు భార్యలే. అందువల్ల ఇతర పండితురాళ్ల తొలి రచనలను కూడా పుట్టింటి పేరుతో వెతకవలసి రావచ్చు. జపాన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల ఉమ్మడి జాబితా 'సైనీ'ని ఇంటర్నెట్‌లో ఉచితంగానే చూడవచ్చు.

తరువాత 'జోసెయిగకు' అన్న మాట. జోసెయి అంటే స్త్రీ, గకు అంటే శాస్త్రం. దీన్ని 'స్త్రీ విద్య' అని అనువదిస్తే వ్యాసం మొత్తం దారి తప్పుతుంది. త్సుద ఉమెకో 1900లో టోక్యోలో ఆడపిల్లలకు ఇంగ్లీషు పాఠశాల పెట్టడం స్త్రీ విద్య. ఇనోఉఎ తెరుకో 1974లో వాకో విశ్వవిద్యాలయంలో స్త్రీల స్థితినే పాఠ్యాంశంగా చేసి బోధించడం స్త్రీ అధ్యయనం. మన ఊళ్లో 1983లో వెలసిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కూడా ప్రతి విభాగమూ స్త్రీ అధ్యయన విభాగం కాదు కదా.

పదవుల పేర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. జపాన్‌లో విశ్వవిద్యాలయ అధిపతిని 'గకుచో' అంటారు. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపే ప్రైవేటు విద్యాసంస్థ పాలకమండలికి 'రిజిచో' అధ్యక్షత వహిస్తారు. తిరుపతి వారికి ఇది సులువుగానే అర్థమవుతుంది: దేవస్థానం నడిపే కాలేజీకి ప్రిన్సిపాల్ వేరు, దేవస్థానం పాలకమండలి ఛైర్మన్ వేరు. మిజుత గారు జోసాయ్ విశ్వవిద్యాలయానికి గకుచోగా, ఆ తరువాత జోసాయ్ విద్యాసంస్థకు రిజిచోగా పనిచేశారు. ఈ రెండో పదవిని ఇంగ్లీషులో ఛాన్సలర్ అంటారు. నేను మొదటిసారి దాన్ని 'కులపతి' అని రాసి సెమినార్‌లో చదివితే, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన "ఈవిడ గవర్నరా అమ్మా?" అని అడిగారు, మన దగ్గర విశ్వవిద్యాలయ కులపతి అంటే సాధారణంగా గవర్నరే కదా. ఆ రోజు నుంచి గకుచోను 'మన వైస్ ఛాన్సలర్ వంటి పదవి' అని ఒకసారి వివరించి, రిజిచోను 'పాలకమండలి అధ్యక్షురాలు' అనే రాస్తున్నాను.

వ్యాసాన్ని పదవులతో మొదలుపెట్టవద్దు. యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్, ఎడ్గార్ అలన్ పో మీద పరిశోధన, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధన, జపాన్ రచయిత్రుల అనువాదాలు, కవిత్వానికి 2013లో దక్కిన స్వీడన్ వారి సికాడా పురస్కారం — ముందు ఇవి రావాలి, ఎందుకంటే ఆమెను పండితురాలిని చేసినవి ఇవే. జోసాయ్ స్థాపకుడు ఆమె తండ్రి, ఆర్థిక మంత్రిగా పనిచేసిన మిజుత మికియో అన్న విషయాన్ని దాచకూడదు, దాని చుట్టూనే తిరగకూడదు. గకుచో పదవి ప్రస్తావన వచ్చినచోట ఒక్క వాక్యంలో చెబితే చాలు.

చివరిగా సంవత్సరాలు. జపనీస్ పత్రాల్లో చక్రవర్తుల శకాలు ఉంటాయి: షోవాకు 1925, హెయిసెయికి 1988, రెయివాకు 2018 కలిపితే మన సంవత్సరం వస్తుంది. మిజుత గారు పుట్టిన షోవా 12 అంటే 1937. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, కాబట్టి హెయిసెయి 8వ విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో జరిగిన సభను 1996 అని రాస్తే తప్పు. అది 1997 ఫిబ్రవరి.