పంచుకున్న విత్తనాల్లో కలుపు: ఎక్కడినుంచి వచ్చింది, ఎలా వదిలించుకోవాలి

తిరుపతి, చిత్తూరు మిద్దెతోటల వాళ్ళ మధ్య విత్తనాలు ఎక్కువగా చేతులు మారేది జూన్‌లో తొలకరికి, మళ్ళీ సెప్టెంబరు చివర్లో ఈశాన్య రుతుపవనాల వానలకు ముందు. ఒక చిన్న కాగితం పొట్లం, దానిమీద పెన్నుతో రాసిన పేరు, అంతే. నెల తిరక్కముందే మాట మొదలవుతుంది: "ఆమె ఇచ్చిన తోటకూర నిండా కలుపే." ఆ మాట చెవిన పడ్డాక ఇచ్చినావిడ ఇంకెవరికీ గింజ ఇవ్వదు. మన పెరటి అనపలు, నాటు వంగ, పందిరి చిక్కుడు లాంటి చాలా రకాలు అంగడి పొట్లాల్లో దొరకవు. ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి పోతూనే అవి బతుకుతున్నాయి. అందుకే కలుపు ఎక్కడిదో తేల్చుకోకుండా మనిషిని అనకూడదు. తేలాక మాత్రం మొహమాటానికి పోయి దాచకూడదు.

సమస్య: విత్తిన వారం పది రోజుల్లో మనం వేయని మొక్కలు లేచాయి

కలుపు గింజ పొట్లంలోంచి రావచ్చు, మట్టిలోంచి రావచ్చు, గాలికి ఎగిరి రావచ్చు. మన దగ్గర ఎక్కువసార్లు తప్పు మట్టిదే. అక్టోబరు, నవంబరు వానలకు మట్టిలో నిద్రపోతున్న గింజలన్నీ ఒకేసారి లేస్తాయి. మనం ఆకుకూరలు విత్తేదీ అప్పుడే. రెండూ కలిసి మొలిచేసరికి నింద పొట్లం మీద పడుతుంది. చెరువు మట్టి, మాగని పశువుల ఎరువు కలిపిన కుండీల్లో ఇది మరీ ఎక్కువ. పశువు తిన్న గడ్డి గింజల్లో కొన్ని అరగకుండా పేడలో బయటికి వస్తాయి. ఇంట్లో చిన్న డబ్బాలో చేసే కంపోస్టు వాటిని చంపేంత వేడెక్కదు.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది, ఖర్చు లేదు. ఒకే మట్టి మిశ్రమంతో రెండు కుండీలు నింపండి. ఒకదాంట్లో పొట్లంలోని గింజలు చల్లండి, రెండోది ఖాళీగా వదిలేయండి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకేలా నీళ్ళు పోయండి. కలుపు రెండింట్లోనూ వస్తే మట్టిది. విత్తినదాంట్లోనే వస్తే పొట్లంది. పొట్లంలో గింజలు కొన్ని మిగుల్చుకుంటేనే ఈ పరీక్ష కుదురుతుంది కాబట్టి, ఎవరు ఇచ్చినా అంతా ఒకేసారి చల్లకండి.

అసలు చల్లడం మానేసి వరుసల్లో విత్తండి. కర్రపుల్లతో గీత గీసి, ఆ గీతలోనే గింజ వేసి మూసేయండి. గీతకు బయట లేచింది మట్టిలోది. గీతలో, మన మొక్కల మధ్య, మన మొక్కల వయసులోనే లేచిన వేరే మొక్క పొట్లంది కావచ్చు. ఆకుకూరలు మాత్రమే కాదు, కొత్తగా చేతికొచ్చిన, నేలమీద ఆరబెట్టి దులిపిన ఏ విత్తనాన్నైనా మొదటిసారి ఒక ట్రేలోనో విడి కుండీలోనో వేసి చూడటం మంచిది. పెద్ద మడిలోకి కలుపు ఒకసారి దిగితే వదిలించుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మట్టిదే అని తేలితే, విత్తడానికి రెండు వారాల ముందు కుండీలు తడిపి వదిలేయండి. లేచిన కలుపును వేళ్ళతో గీకేసి, మట్టిని లోతుగా కదపకుండా విత్తండి. తిరుపతి ఎండల్లో ఇంకో మార్గం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మట్టిని తడిపి, పైన పారదర్శక ప్లాస్టిక్ షీటు గాలి చొరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొరలో ఉన్న గింజలు చాలావరకు చస్తాయి. నల్ల షీటు కంటే తెల్లటి పారదర్శక షీటు కింద మట్టి ఎక్కువ వేడెక్కుతుంది.

సమస్య: తోటకూర వేస్తే ముళ్ళ తోటకూర వచ్చింది

ఇది నిజంగా పొట్లంలోంచే రావడానికి అవకాశం ఎక్కువ. పెరటి తోటకూర గింజా, ముళ్ళ తోటకూర గింజా రెండూ నల్లగా, మెరుస్తూ, ఆవగింజ కంటే చిన్నగా ఉంటాయి. వాటిని కంటితో వేరు చేయడం ఎవరివల్లా కాదు. మొలకలోనూ తేడా తెలియదు. మొక్క జానెడు ఎత్తు దాటాక ఆకు కాడ కాండానికి తగిలే చోట, ప్రతి కణుపు దగ్గరా జంట ముళ్ళు పొడుచుకొస్తాయి. వేలితో కణుపు తడిమి చూస్తే కంటి కంటే ముందే తెలుస్తుంది.

ఇచ్చినవాళ్ళ పెరట్లో గోడవార ఒక ముళ్ళ మొక్క ఉండి ఉంటుంది. కంకులన్నీ కోసి ఒకేచోట మిద్దె నేలమీద ఆరబెట్టి దులిపితే దాని గింజలూ కలిసిపోతాయి. ఇందులో మోసం ఏమీ లేదు. ఏ విత్తనం ఎలా తీస్తారో తెలుసుకుంటే ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. టమాటా, వంకాయ, దోస, కాకర గింజలు కాయ లోపలినుంచి తీసినవి, అందులోకి కలుపు గింజ చొరబడే దారి లేదు. చిక్కుడు, అనప, అలసంద చేత్తో ఒలిచినవి, అవీ శుభ్రమే. నేలమీద ఆరబెట్టి దులిపే తోటకూర, ధనియాలు, మెంతులు, పాలకూర, ఇవే అనుమానించాల్సినవి. నేనైతే ఎంత దగ్గరివాళ్ళు ఇచ్చినా ఈ నాలుగింటిని ట్రేలో వేసి చూడకుండా మడిలో వేయను. ఎవరో తెలియనివాళ్ళు ఇచ్చినా చిక్కుడు గింజ నిశ్చింతగా పాతుతాను.

పరిష్కారం తీసుకున్నవాళ్ళ చేతిలో కొంత, ఇచ్చేవాళ్ళ చేతిలో ఎక్కువ. ముళ్ళు కనపడగానే, పూత రాకముందే వేరుతో పీకండి. ఇచ్చేవాళ్ళయితే విత్తనానికి వదిలే మొక్కలకు ముందుగానే ఒక రంగు దారం కట్టుకోండి. దారం ఉన్న కంకులనే కోసి, పాత చీర మీద ఆరబెట్టి దులపండి.

తోటకూర గింజల్లో కలిసే ఇంకో కలుపు పాయలకూర. దాని గింజ తోటకూర గింజ కంటే చిన్నది, నిగనిగ తక్కువ. సన్నటి టీ జల్లెడలో కాసేపు ఆడిస్తే కొంతవరకు కిందికి రాలుతుంది. అది మొలిచినా పెద్ద కష్టం లేదు, పప్పులో వేసుకోవచ్చు. కాకపోతే ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి వదిలేయకండి.

సమస్య: కుండీ నిండా తుంగ

దీనికి విత్తనం ఇచ్చినవాళ్ళను అనడం అన్యాయం. తుంగ విస్తరించేది ముఖ్యంగా నేలలోని గడ్డల ద్వారా. అది చెరువు మట్టితోనో, ఎర్రమట్టితోనో, నర్సరీ మొక్క కవరులోని మట్టితోనో వస్తుంది. పైన ఆకు పీకితే కింద గడ్డ మళ్ళీ చిగురిస్తుంది, దాని పక్కన ఇంకో గడ్డ ఊరుతుంది. కుండీ మొత్తం బోర్లించి, మట్టిని ఆరబెట్టి, జల్లెడ పట్టి నల్లటి గడ్డలన్నీ ఏరేయడమే మార్గం. పైన చెప్పిన ప్లాస్టిక్ షీటు దీనిమీద అంతగా పనిచేయదు.

సమస్య: మొక్కల మీద పసుపు దారాలు అల్లుకున్నాయి

ఆకులు లేని, వేరు కనపడని, పసుపుపచ్చ తీగ కొత్తిమీర మీదో, తోటకూర మీదో, బంతి మీదో చుట్టుకుంటే అది బంగారుతీగ. ఇక్కడ మాత్రం ఆలస్యం పనికిరాదు. దీనికి సొంతంగా తిండి చేసుకునే శక్తి దాదాపు లేదు, ఆధారపు మొక్క కాండంలోకి పీల్చే ముళ్ళు దించి బతుకుతుంది. గింజ నుంచి లేచిన మొలక కొద్ది రోజుల్లో ఏ మొక్కనూ పట్టుకోలేకపోతే చచ్చిపోతుంది. పట్టుకుందంటే మాత్రం నేలలోని వేరుతో దానికి పనే ఉండదు.

తీగను మాత్రమే లాగితే సరిపోదు. కాండం మీద మిగిలిన చిన్న ముక్క కూడా మళ్ళీ పాకుతుంది. చుట్టుకున్న మొక్కను తీగతో సహా పీకి, కవరులో కట్టి ఎండలో మాడ్చి పారేయండి, కుదిరితే కాల్చండి. కంపోస్టులో వేయకండి. పూత వచ్చి గింజ రాలిందంటే ఆ గింజ గట్టి తొక్కతో మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆవుల కోసం లూసర్న్ గడ్డి వేసే ఇళ్ళ నుంచి ఆ విత్తనం తెచ్చుకుంటే దీన్ని ప్రత్యేకంగా చూసుకోండి. లూసర్న్ విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లోనే బంగారుతీగను అభ్యంతరకరమైన కలుపుగా పేరుపెట్టి చెప్పారు. బెండకు అడవి బెండ అలాంటిదే. మన కాగితం పొట్లాలకు ఆ పరీక్షలేవీ ఉండవు, ఇచ్చేవాళ్ళ మాట ఒక్కటే ఆధారం. అందువల్ల బంగారుతీగ గింజ కట్టిన మడిలోని విత్తనాన్ని, అది ఎంత మంచి రకమైనా, ఆ ఏడు ఎవరికీ ఇవ్వకపోవడమే ధర్మం.

సమస్య: వయ్యారిభామ

ఎక్కువగా గాలికీ, వాననీటికీ, బండి చక్రాలకూ, పేడకూ వస్తుంది. ఖాళీ స్థలాల్లో, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అదే. లేత మొక్క నేలకు పరుచుకుని, ఆకు చీలికలతో క్యారెట్ ఆకులా ఉంటుంది, అందుకే కొందరు ఏరకుండా వదిలేస్తారు. తెల్ల పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకండి. చర్మం మీద దద్దుర్లు, ఆయాసం తెప్పించే మొక్క ఇది.

సమస్య: పొట్లం విప్పగానే వేరే గింజలు కనిపించాయి

తెల్లటి పళ్ళెంలో ఒక చెంచా గింజలు పోసి, ఎండలో, చాకు మొనతో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ చూడండి. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తేలికపాటి పొట్టూ, తాలూ చేటలో చెరిగితే పోతాయి. నీళ్ళలో వేస్తే తేలేవి ఎక్కువగా తాలు గింజలే. బరువైన కలుపు గింజ మన గింజతోపాటే మునుగుతుంది. పేడ, గోమూత్రంతో చేసే బీజామృతం పట్టించినా, ఫ్రిజ్‌లో పెట్టినా కలుపు చావదు. బాగా ఆరిన అనప, అలసంద గింజల్ని డీప్ ఫ్రీజర్‌లో పెడితే చచ్చేది పుచ్చు పురుగు.

రెండింటి విషయంలో మాత్రం టెన్షన్ పడాల్సిందే. మిరప గింజల్లో ఉమ్మెత్త గింజ కలిస్తే పైపైన చూస్తే తెలియదు, రెండూ బల్లపరుపుగానే ఉంటాయి. మిరప గింజ లేత పసుపు, నునుపు, చిన్నది. ఉమ్మెత్త గింజ గోధుమ రంగు, మూత్రపిండం ఆకారం, పైన చిన్న చిన్న గుంటలు. కొరికి చూద్దాం అనుకోకండి, అది విషం. రెండోది ఆవాల్లో బ్రహ్మదండి. ఆవగింజ దాదాపు నునుపుగా గుండ్రంగా ఉంటే, దీనిమీద వల అల్లినట్టు గరుకు గీతలుంటాయి. విత్తడానికి తెచ్చిన ఆవాల్ని పోపులోకి వాడే ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి నూనె కలిసిన ఆవనూనె తిని ఎంతోమంది జబ్బుపడ్డారు, చనిపోయారు.

సమస్య: కలుపు లేదు, కానీ చెప్పిన రకం రాలేదు

హైబ్రిడ్ కాయ నుంచి గింజ తీసి ఉంటారు, లేదా తేనెటీగలు పక్కింటి పుప్పొడి తెచ్చి ఉంటాయి. సొర, దోస, గుమ్మడి జాతుల్లో ఇది మామూలే. సొరకాయ చేదుగా వస్తే మాత్రం రకం గురించిన చర్చ తర్వాత, ముందు ఆ కాయ పారేయండి, జ్యూస్ అసలే తాగకండి. ఆ తీగ గింజలు ఎవరికీ ఇవ్వకండి.

సమస్య: కలుపు పొట్లందే అని తేలింది, ఇచ్చినవాళ్ళకు ఎలా చెప్పాలి

నలుగురిలో అనకండి. ముందు వాళ్ళకే ఫోన్ చేయండి. "అక్కా, మీరిచ్చిన తోటకూర బాగా మొలిచింది. మధ్యలో ముళ్ళ తోటకూర నాలుగైదు వచ్చాయి. ఖాళీ కుండీ పెట్టి చూశాను, మట్టిది కాదు. మీ దగ్గర ఇంకా గింజలుంటే ఒకసారి చూసుకోండి, ఇంకెవరికి ఇచ్చారో వాళ్ళకూ చెబుదాం." ఇలా చెబితే ఎవరూ నొచ్చుకోరు. ఒకే కంకుల గింజ పది ఇళ్ళకు వెళ్ళి ఉంటుంది. ముళ్ళ తోటకూర పూతకు రాకముందే మిగతా ఇళ్ళకు కబురందాలి కాబట్టే వెంటనే చెప్పమంటున్నాను.

ఇచ్చేవాళ్ళు పొట్లం మీద పేరుతోపాటు నాలుగు సంగతులు రాస్తే సగం తగాదాలు పుట్టవు: కోసిన నెల, ఏ ఊరి పెరడు, కాయలోంచి తీశారా నేలమీద దులిపారా, ఆ మడిలో ఏ కలుపు ఉండేది. చివరిది రాయడానికి చాలామంది వెనకాడతారు. నిజానికి "పాయలకూర కలిసి ఉండొచ్చు" అని రాసి ఇచ్చిన పొట్లాన్నే నేను ముందు తీసుకుంటాను. ఆ మనిషి మడిని రోజూ చూసుకుంటుందని తెలుస్తుంది.

పంచుకోవడమే చట్టరీత్యా తప్పేమో అని భయపడేవాళ్ళూ ఉన్నారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు తన పంట విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం మాత్రం కుదరదు.

వచ్చిన మొక్క ఏదో పోల్చుకోలేకపోతే పూతతో సహా వేరుతో పీకి, తడి కాగితంలో చుట్టి తిరుపతిలోని వ్యవసాయ కళాశాలకో, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికో తీసుకెళ్ళి అడగండి. అనుమానం తీరని పొట్లాన్ని కంపోస్టులో, పిచ్చుకల గింజల్లో కలపకండి. గిన్నెలో పోసి మరిగే నీళ్ళు పోసి, పది నిమిషాలు ఉడకనిచ్చి, అప్పుడు చెత్తలో వేయండి.