ఇంటి లెక్క, మనసు లెక్క - 4వ పాఠం: కొన్న ధర మీద చెయ్యి పెట్టి చూడండి

పోయిన పాఠంలో ముడుపు సంగతి చెప్పుకున్నాం కదా. పసుపు గుడ్డలో కట్టి దేవుడి పటం వెనక పెట్టిన డబ్బును పాల బిల్లుకు లేకపోయినా ముట్టుకోం. మీ ఇంట్లో ముడుపులు, దేవుడివి కానివి కూడా, పాప పెళ్ళికని వేసిన ఎఫ్‌డీ లాంటివి, ఎన్నున్నాయో రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, చివర్లో దాంతో పని ఉంది.

ఈసారి స్థలం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట, కర్నూలుకు హైకోర్టు అన్న మాట వచ్చినప్పుడు మా వైపు టీ అంగడి దగ్గర ప్లాట్ల మాట తప్ప ఇంకోటి లేదు. 1953 నుంచి మూడేళ్ళు రాజధానిగా ఉన్న ఊరు, ఆశ పడదా మరి! మా నాయన ఆ ఊపులోనే ఊరి బయట ఒక వెంచర్‌లో 5 సెంట్లు తీసుకున్నాడు, సెంటు 1,80,000 లెక్కన 9 లక్షలు, అందులో 3 లక్షలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. 2021 నవంబరులో ప్రభుత్వమే మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఒకాయన వచ్చి ఏడున్నర లక్షలకు అడిగితే నాయనది ఒకటే మాట: "నష్టానికి అమ్మేదేందిరా? భూమి యాడికి పోతాది, ఉండనీ."

ఇప్పుడు లెక్క వేయండి. 3 లక్షలకు నెలకు 6,000 వడ్డీ. 25 నెలలకు లక్షన్నర. అంటే లక్షన్నర నష్టం తప్పించుకోవడానికి ఆయన లక్షన్నర కట్టాడు, పైగా ఆ నష్టం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. మరి వడ్డీ ఎందుకు నొప్పి పుట్టించలేదంటే, అది నెల ఖర్చుల్లో కరెంటు బిల్లు పక్కన కలిసిపోయింది, స్థలం నష్టం మాత్రం ఒకేసారి రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టి ఒప్పుకోవాలి.

నష్టం ఇచ్చే బాధ, అంతే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే ఎక్కువ బరువని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు, సుమారు రెండింతలని తర్వాత లెక్కగట్టారు. అమెరికాలోని బోస్టన్‌లో 1990లలో అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఎక్కువకు కొని ఇరుక్కున్నవాళ్ళు, కొన్న ధరకూ ఇప్పుడు వచ్చే ధరకూ ఉన్న తేడాలో 25 నుంచి 35 శాతం దాకా ధర పెంచి అడిగారని తేలింది. ఆ లెక్కన వాళ్ళు మా స్థలానికి ఓ నలభై యాభై వేలు ఎక్కువ అడిగేవాళ్ళేమో. మా నాయన మొత్తం లక్షన్నరా పట్టుకుని కూర్చున్నాడు!

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఇది. దస్తావేజులో కొన్న ధర ఉన్న చోట చెయ్యి అడ్డం పెట్టి (నిజంగానే పెట్టండి, నవ్వుకోండి పర్లేదు) ఇలా అడగండి: ఈ రోజు నా చేతిలో ఏడున్నర లక్షల నగదు ఉండి, నెత్తిన 3 లక్షల అప్పుంటే, నేను వెళ్ళి ఇదే స్థలం కొంటానా? నాయనను అడిగాను. "నాకేమన్నా పిచ్చా, ముందు అప్పు కట్టుకుంటా గానీ" అన్నాడు. అని, కాసేపు గమ్మునున్నాడు. ఇంకో నాలుగు నెలలకు గానీ అమ్మలేదు, అది వేరే సంగతి.

కొంటాను అనే జవాబు వస్తే ఉంచుకోండి, పక్కన రోడ్డు పడుతుంటే అది సరైన జవాబే కావచ్చు. కొన్న ధర ఆదాయపు పన్ను లెక్కకు కావాలి, అక్కడ చెయ్యి తీసేయండి.

ఇక ఆ ముడుపుల కాగితం తీయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఈ రోజు ఆ వడ్డీకి అప్పు తెచ్చి 7 శాతం ఎఫ్‌డీలో వేస్తారా? అప్పు ఒక పక్క, పాప పెళ్ళి ఎఫ్‌డీ ఒక పక్క పెట్టుకున్న ఇంట్లో జరుగుతున్నది అదే. తేడా 17 శాతం, అంటే 2 లక్షల ఎఫ్‌డీ మీద ఏడాదికి 34,000 పోతోంది. కాగితంలో ప్రతి ముడుపు ఎదురుగా ఈ తేడా రాయండి. దేవుడి ముడుపు వరస మాత్రం ఖాళీగా వదలండి, దానం పాఠంలో నింపుదాం.