పాత గిబ్సన్ ఇఎస్-175 (బోలు ఒళ్లున్న ఎలక్ట్రిక్ గిటార్) కొనేముందు చూడాల్సినవి

సీరియల్ నంబర్ ఒక్కటే నమ్మి ఏడాది తేల్చకండి. 1961-69 మధ్య గిబ్సన్ ఒకే నంబర్లను మళ్లీ మళ్లీ వేసింది. 1967 గిటార్‌కు 1963 ధర కట్టి నష్టపోయేది ఇక్కడే.

నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు కొలవండి. అరవైల తొలి సగంలో దాదాపు 43 మి.మీ., 1965లో సన్నబడి 40 దాకా వచ్చింది.

ఎఫ్-హోల్‌లోంచి (గిటార్ ముందువైపు ఎఫ్ ఆకారపు రంధ్రం) టార్చ్ వేయండి. 1952-61 గిటార్లలో లోపలి చెక్క మీద ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్ ముద్ర ఉంటుంది. ముందున్న అక్షరమే ఏడాది: జడ్ 1952, అక్కణ్నుంచి ఏడాదికో ఇంగ్లిష్ అక్షరం వెనక్కి లెక్క. యు 1957, టి 1958, క్యూ 1961. సీరియల్ నంబరున్న లేబుల్ ఊడదీసి మరోదానికి అంటించొచ్చు, చెక్కలో దిగిన సిరాను మార్చడం కష్టం. అందుకే నా ఓటు దీనికే.

వాల్యూమ్ పాట్ (నాబ్ కింద, లోపలుండే విద్యుత్ భాగం) మీది కోడ్ చదవండి. 134832 అంటే సెంట్రలాబ్ కంపెనీ తయారీ (134), 1958 (8), 32వ వారం. టంకం అసలుదైతే గిటార్ అంతకన్నా పాతది కాదు. పాట్ విప్పేముందు దాని కాడకు దారం కట్టండి. లేకుంటే లోపల పడ్డాక తిరిగి రంధ్రంలోకి లాగడం నరకం.

హంబకర్లు (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి) వచ్చింది 1957లో. అంతకుముందుదని చెప్పే గిటార్‌లో అవి ఉంటే, పికప్ రంధ్రాల అంచులు కోసి పెంచారేమో చూడండి.

హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే భాగం) వెనక పగులు అతికిన గీత ఉందా? వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి.